పన్నెండులోపు రెండు టేకులు

శనివారం పొద్దున ఏడున్నరకు నవోమి ఫోన్ చేసి, తాను షూటింగుకు రాలేనని చెప్పింది. ముందురోజు స్కూటీ మీద నుంచి పడిందట. మడమ వాచిపోయి కాలు కింద పెట్టలేకపోతోందట.

"కూర్చుని చేసే వేషమైతే ఎట్టనో వచ్చేదాన్ని విజయక్కా. పడవ నడిపే వేషం గదా," అంది.

విజయకుమారి అప్పటికే పులికాట్ సరస్సు ఒడ్డున చినకుప్పంలో, తన అక్క మహాలక్ష్మి ఇంటి ముందు నిలబడి ఉంది. ఫోన్ పెట్టేసి, మళ్ళీ తీసి టైము చూసుకుంది. చూసిన టైము బుర్రకెక్కలేదు. మళ్ళీ చూసుకుంది.

ఆమె గూడూరు డిపోలో బస్సు కండక్టరు. వారానికొచ్చే ఒక్క సెలవును ఆదివారానికి మార్పించుకుని, దానికి శనివారం లీవు కలుపుకుని ఈ రెండు రోజులు సంపాదించింది. నెల్లూరులో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు చిన్న సినిమాల పోటీ పెట్టారు. పది నిమిషాల సినిమా, బుధవారం సాయంత్రంలోగా పంపాలి. కథ ఆమె రాసిందే. కెమెరా గిరిబాబుది. గూడూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే గిరిబాబు కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని తరచూ ఆమె బస్సెక్కేవాడు. టికెట్లు కొట్టడం అయిపోయాక, స్టేజీకీ స్టేజీకీ మధ్య దొరికిన ఖాళీలో ఆమె అతనికి కథంతా చెప్పింది. మూడో రోజు అతనే "తీద్దాం అక్కా" అన్నాడు. కథలో పెద్దామె వేషం నాటకాలాడే నవోమిది, చిన్నామె వేషానికి షారన్ దొరికింది. ఆ అమ్మాయి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఏటా క్రిస్మస్ నాటికల్లో వేషం కట్టే అలవాటుంది. ఆమెకూ ఈ రెండు రోజులే ఖాళీ.

పడవ మహాలక్ష్మి భర్త హజరత్తయ్యది. ఆయన అప్పుడే ఒడ్డు నుంచి వచ్చి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఇంకో మాట చెప్పాడు.

"రేపు సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగం ఉందంట. పన్నెండు దాటినాక పడవలు నీళ్ళల్లో ఉండబాకండని చెప్పిపోయినారు. మీదేదో పన్నెండులోపే కానిచ్చుకోండి."

"పన్నెండు లోపా? మనిషే లేదు బావా ఇప్పుడు!" అంది విజయకుమారి.

అక్కడే ఉన్న గిరిబాబు చూపు ఇంటి పక్కకు పోయింది. అక్కడ మహాలక్ష్మి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నలుగురికి సరిపడా రొయ్యలు ఒలుస్తోంది. అంతకుముందే ఆమె ఒక్కతే పడవను నీళ్ళలోకి తోసి, గడకర్రతో మలుపు తిప్పి పెట్టడం అతను చూశాడు.

"పెద్దక్క చేస్తే?" అన్నాడు.

"అక్కా? అక్కకు యాక్టింగ్ రాదు," అంది విజయకుమారి వెంటనే.

మహాలక్ష్మి తలెత్తింది. "పడవ నడిపేదానికి యాక్టింగ్ ఎందుకు? మాటలేందో చెప్పండి, చూస్తా," అంది.

కాదనడానికి విజయకుమారికి కారణం ఉంది గానీ అది పైకి చెప్పేది కాదు.

ఆరేళ్ళ కిందట వాళ్ళమ్మ ఇదే ఇంట్లో పోయింది. పొద్దున ఆరింటికి ప్రాణం పోతే, తిరుపతి డ్యూటీలో ఉన్న విజయకుమారికి ఏడుకి ఫోన్ వచ్చింది. "పదకొండుకల్లా వచ్చేస్తా, ఆగండి" అని చెప్పింది. అన్నట్టే పదకొండుకు వచ్చింది. కానీ శవాన్ని ఎనిమిదికే ఎత్తేశారు. వాకిట్లో కళ్ళాపి తడి కూడా ఆరిపోయింది. ఎత్తమని చెప్పింది అక్కే. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళు మాటలు మానుకోలేదు. పండక్కి ఫోన్లు చేసుకున్నారు, పిల్లల చదువుల గురించి, బస్సుల గురించి, చేపల గురించి మాట్లాడుకున్నారు. ఆ ఒక్క సంగతి మాత్రం ఎత్తలేదు.

విజయకుమారి దాన్నే కథ చేసింది. అమ్మను నానమ్మగా మార్చింది. అక్కను పెదనాన్న కూతురుగా మార్చి రమణమ్మ అని పేరు పెట్టింది. తనకు వనజ అని పెట్టుకుంది. పట్నం నుంచి ఆలస్యంగా వచ్చిన వనజను రమణమ్మ పడవలో అవతలి ఒడ్డుకు దాటిస్తుంది. నడిమి నీళ్ళలో గడకర్ర ఆపి, "నేను ఆగి ఉండాల్సింది వనజా, నన్ను క్షమించు" అంటుంది. సినిమా అక్కడితో అయిపోతుంది. అంత మార్చాక ఎవరికీ తెలియదనుకుంది విజయకుమారి. ఇక నవోమి నోట ఆ మాట వింటే చాలనుకుంది.

రిహార్సల్ వాకిట్లో, వలల కుప్ప పక్కన మొదలైంది. మహాలక్ష్మికి కూడబలుక్కుని చదవడం వచ్చు. అయినా కాగితం పట్టుకోనంది. విజయకుమారి ఒక్కో మాటా చెబుతుంటే ఆమె తిరిగి అంటోంది. చెప్పిన దానికన్నా బాగా అంటోంది. "ఎక్కు, తడుస్తది చీర" అన్నప్పుడు షారన్ నిజంగానే చీర ఎత్తి పట్టుకుంది. గిరిబాబు విజయకుమారి వైపు చూసి బొటనవేలు చూపించాడు.

చివరి మాట దగ్గర మహాలక్ష్మి ఆగింది.

"ఈ రమణమ్మ ఎందుకాగలా?" అని అడిగింది.

"ఏంది?"

"ముసలామె పోయింది. ఈ పిల్ల వస్తానంది. రమణమ్మ ఎందుకాగలా? నువ్వు యాడా రాయలేదే."

"అది రాయాల్సిన పనిలేదక్కా. తప్పు చేసింది. చివర్లో తప్పని తెలుసుకుంది. అంతే."

"ఊరికే ఎందుకు చేస్తది తప్పు?"

విజయకుమారి కాగితాలు అటూ ఇటూ తిప్పింది. అక్కడ లేదని ఆమెకు తెలుసు. "అదీ నిజమే అక్కా, చూసేవాళ్ళు కూడా అడుగుతారు," అన్నాడు గిరిబాబు, ఏమీ తెలియక.

"ముందు మాట చెప్పక్కా. ఎందుకన్నది తర్వాత చూద్దాం," అంది విజయకుమారి.

"నేను ఆగి..." అని మొదలుపెట్టి మహాలక్ష్మి లేచింది. "అన్నం పొంగుతా ఉంది," అని లోపలికి పోయింది. వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి దగ్గొచ్చింది. ఇంకోసారి వల మీద వాలిన కాకిని తోలింది. ఐదుసార్లయినా ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు. "రేపు పడవలో చెప్తాలే," అంది చివరికి.

అన్నాలు తిన్నాక విజయకుమారి ఇంటి వెనక నీడలో కాగితాలు పెట్టుకుని కూర్చుంది. రమణమ్మ ఎందుకు ఆగలేదో ఒక్క వాక్యం రాయాలి. వానొచ్చిందని రాసింది, కొట్టేసింది. ఆ రోజు చురుక్కుమనే ఎండ. శవం ఆగదన్నారని రాసింది, అదీ కొట్టేసింది. ఆరింటికి పోయిన మనిషి పదకొండు దాకా ఆగకపోవడమేంటి? ఊరి పెద్దలు తొందరపెట్టారని రాసింది. పెద్దలెవరూ అక్క మాట దాటి ఒక్క అడుగు వేయరని ఊరందరికీ తెలుసు. పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతూ కూర్చుంటే, ఆరేళ్ళలో అక్కను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. వస్తే, ఇన్నేళ్ళుగా దాచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలి?

సాయంత్రం దాకా షారన్ ఒంటరిగా నడిచొచ్చే ముక్కలు తీశారు. గాలి ఎక్కువై జుట్టంతా ముఖం మీద పడేది. ఒకసారి మేకలు అడ్డం వచ్చాయి. ఒకసారి ఎక్కడో మైకులో పాటలు పెట్టారు. వెలుగు కోసం తెచ్చిన తెల్ల థర్మాకోల్ అట్ట గాలికి రెండు ముక్కలైంది. పెళ్ళి మంటపానికి వాడిందది, వెనక ఇంకా బంగారు రంగు పూలు అతికే ఉన్నాయి. ప్రతిదానికీ విజయకుమారి టైము చూసుకుంటూనే ఉంది. "అక్కా, నువ్వు కూర్చో. నువ్వు తిరుగుతుంటే నీ నీడ ఫ్రేములో పడతా ఉంది," అన్నాడు గిరిబాబు. ఆమె కూర్చుని, నిమిషంలో లేచింది.

ఆదివారం ఆరున్నరకే మొదలుపెట్టారు. తీరా చూస్తే ఒక బ్యాటరీ రాత్రి చార్జింగ్ ఎక్కలేదు. ఉన్నది ఒక్కటే. ఎక్కే ముక్క, ఒడ్డు వదిలే ముక్క, దూరం నుంచి పడవ కనిపించే ముక్క ఒడ్డునుంచే తీసేసరికి పది దాటింది. తక్కిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. హజరత్తయ్య ఇసుకలో గొంతుకూర్చుని వాళ్ళనే చూస్తున్నాడు.

మిగిలింది నడిమి నీళ్ళ సీను. పడవ చిన్నది. ముందు గిరిబాబు కెమెరాతో, మధ్యలో షారన్, వెనక గడకర్ర పట్టుకుని మహాలక్ష్మి. నాలుగో మనిషికి చోటు లేదు. ఆడవాళ్ళిద్దరి జాకెట్లకూ చిన్న మైకులు తగిలించి ఉన్నాయి. వాటి మాట రికార్డరుకు అందుతుంది. విజయకుమారి హెడ్‌ఫోన్ పెట్టుకుని, రికార్డరు చేతిలో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నిలబడింది.

పడవ దూరమైంది. అక్క ముఖం కనబడనంత దూరం పోయినా ఆమె ఊపిరి చెవిలోనే వినబడుతోంది. గడకర్ర బురదలో దిగే చప్పుడు, పైకి లాగినప్పుడు కారే నీళ్ళు, షారన్ గాజులు. గిరిబాబు "యాక్షన్" అన్నాడు.

"నానమ్మ ముఖం కూడా చూడనియ్యలా నువ్వు," అంది షారన్.

ఇప్పుడు రావాల్సింది ఆ మాట. గడకర్ర చప్పుడు ఒకసారి, రెండుసార్లు. తర్వాత ఆగిపోయింది.

"ఆగాలనిపించలా," అంది మహాలక్ష్మి.

విజయకుమారి వేలు రికార్డరు మీద ఉంది.

"నువ్వు పదకొండుకి వస్తానన్నావు. వస్తావని నాకు తెలుసు పాపా. తెలిసే ఎనిమిదికి ఎత్తమన్నా. నాలుగు నెలలు. మంచాన పడ్డ మనిషిని ఎత్తి కూర్చోబెట్టింది నేను, గుడ్డలు మార్చింది నేను. తిడితే పడింది నేను. నువ్వొచ్చి మీద పడి ఏడుస్తావు, ఊరంతా అయ్యో చిన్నకూతురని నిన్నే చూస్తది. ఆ చివరి పూట నీకియ్యబుద్ధి కాలా."

వనజ అనలేదు. పాపా అంది. విజయకుమారిని చిన్నప్పటినుంచి ఇంట్లో పిలిచే పేరు అది. నొక్కితే రికార్డరు ఆగిపోతుంది. వేలు అక్కడే ఉండిపోయింది.

షారన్‌కు ఇదేమీ తెలియదు. పెద్దక్క మాటలు మర్చిపోయి సొంతంగా కల్పించుకుంటోంది అనుకుంది. నాటికల్లో ఎదుటివాళ్ళు మాట మర్చిపోతే ఆగకూడదని ఆమెకు నేర్పారు. అందుకని ఆపలేదు.

"మరి నాలుగు నెలలూ నన్నెందుకు పిలవలేదు?" అంది.

"పిలిస్తే వచ్చేదానివేనా?"

 షారన్ చీర అంచు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. దానికి జవాబు విజయకుమారికి తెలుసు. ఆ నాలుగు నెలల్లో ఆమె రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఒక పూట ఉంది. రెండోసారి తిరుగు బస్సు తప్పుతుందని మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచింది. రెండుసార్లూ అక్క ఫోన్ చేసి "ఒకసారి చూసి పోవే" అన్నాకే. మూడోసారి, నాలుగోసారి కూడా అక్క చేసింది. అప్పుడు డ్యూటీలు మార్చుకోవడం కుదరలేదంది. నిజంగా కుదరలేదో, తాను అడగలేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలన్నా భయమేసింది.

గిరిబాబు "కట్" అన్నాడు. పడవ ఒడ్డుకు వచ్చింది.

"సూపరు పెద్దక్కా! ఒళ్ళు జలదరించింది," అంటూనే అతను కెమెరాలో వెనక్కి వేసి చూసుకున్నాడు. అతని ముఖం మారింది. "అయ్యో. పడవ తిరిగినప్పుడు ఫోకస్ పోయింది. ముఖమంతా మసకగా ఉంది. ఇంకోటి తీసుకుందాం అక్కా, పదకొండూ ఇరవై అయింది, టైముంది."

విజయకుమారి హెడ్‌ఫోన్ తీయలేదు. పడవలో నుంచి అక్క ఆమెనే చూస్తోంది.

"సరే," అంది మహాలక్ష్మి. "ఈసారి నువ్వు రాసిందే చెప్తాలే."

పడవ మళ్ళీ పోయింది. మళ్ళీ షారన్ మాట, గడకర్ర ఆగడం. ఈసారి తడబాటు లేదు. దగ్గు రాలేదు.

"నేను ఆగి ఉండాల్సింది వనజా. నన్ను క్షమించు."

ఎక్కడ విరవాలో అక్కడ విరిచి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు అంది. షారన్‌కు కన్నీళ్ళొచ్చాయి. ఆరేళ్ళుగా వినాలనుకున్న మాట చెవి లోపలే వినబడినా విజయకుమారిలో ఏ కదలికా రాలేదు. రోజూ బస్సులో తాను అరిచే స్టేజీల పేర్లలాగే వినబడింది ఆ మాట.

హజరత్తయ్య లేచి తువ్వాలు ఊపాడు. పడవను అందరూ కలిసి ఇసుక మీదికి లాగారు. గిరిబాబు, షారన్ సామాను తీసుకుని ఇంటికి నడిచారు. విజయకుమారి పడవ అంచు వదల్లేదు.

"నిజమేనా అది?"

"ఏది?"

"మొదట చెప్పింది."

"నిజమే. రెండోది నువ్వు రాసింది గదా."

"మూడు గంటలక్కా! మూడు గంటలు ఆగి ఉంటే నేను అమ్మను చూసుకునేదాన్ని. మీద పడి ఏడ్చేదాన్నో, ఏడ్చేదాన్ని కాదో!"

"తెలుసు."

"తెలిసి చేస్తివా?"

"తెలిసే చేసినా అన్నా గదా. ఇంకెన్నిసార్లు చెప్పాల?" మహాలక్ష్మి గొంతు పెరిగింది. "క్షమించమని నేను అడగలా. నువ్వే రాసి నా నోట్లో పెట్టినావు. ఎవరో నాటకాలామె నోట్లో పెడదామనుకుంటివి, ఆమె రాలేదు."

విజయకుమారి ఇసుకలో విసవిసా నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. అంతలోనే ఇంకోవైపు నడిచింది. మధ్యాహ్నం అన్నం కలిపి వదిలేసింది. సాయంత్రం శ్రీహరికోట వైపు నుంచి రాకెట్టు లేచి, ఆ ఉరుములాంటి మోత ఊరి మీదికి వచ్చినప్పుడు షారన్ ఫోన్ పట్టుకుని బయటికి పరిగెత్తింది. "దీన్ని కూడా సినిమాలో పెడదామా అక్కా?" అని అడిగాడు గిరిబాబు. "వద్దు," అంది విజయకుమారి తల తిప్పకుండా. ఇంట్లో అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు ఆ మోతలోనూ ఆగలేదు. ఆరున్నర బస్సుకు ముగ్గురూ బయల్దేరారు. మహాలక్ష్మి వేయించిన చేపలు డబ్బాలో పెట్టి షారన్ చేతికిచ్చింది. చెల్లెలి చేతికివ్వలేదు.

సోమవారం డ్యూటీలో విజయకుమారి మనుబోలు టికెట్టు అడిగిన మనిషికి నెల్లూరు టికెట్టు కొట్టింది. మంగళవారం డ్యూటీ దిగి నేరుగా గిరిబాబు షాపుకు పోయింది. అతను రెండు టేకులూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి ఉంచాడు.

"రెండోదే అక్కా. క్లియర్‌గా ఉంది, మన కథ కూడా అదే."

"మొదటిది వెయ్యి."

వేశాడు. మసకలో అక్క ముఖం ఒక రంగుగా, గడకర్ర ఒక గీతగా కనబడుతున్నాయి. గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. మూడుసార్లు వేయించుకుని విన్నాక ఆమె బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేసింది.

"మొదట చెప్పిందే పెడదామనుకుంటున్నా. పెట్టొచ్చా?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. "ఊళ్ళోవాళ్ళు చూస్తారా?"

"చూస్తారు."

"చూసి ఏమంటారో..." అంది మహాలక్ష్మి. "ఆ నర్సు పిల్ల అడిగింది, నేను అన్నది, అది కూడా ఉంటదా? పిలిస్తే వచ్చేదానివేనా అని?"

"ఉంటది. తీసెయ్యను."

"అయితే పెట్టుకో."

బుధవారం మధ్యాహ్నం సినిమా పంపారు. పోటీలో దానికి ఏ బహుమతీ రాలేదు. ముఖ్యమైన చోట ఫోకస్ లేదని ఒక జడ్జి రాశాడు. అందులో పెద్దామె గొంతు మాత్రం మర్చిపోలేమని ఇంకొకరు రాశారు. ఆ ఫలితం రావడానికి నెల పట్టింది. విజయకుమారి మాత్రం నెల దాకా ఆగలేదు.

సినిమా పంపిన వారానికి వచ్చిన సెలవు రోజున, వేరే కండక్టరు ఉన్న బస్సులో టికెట్టు కొనుక్కుని చినకుప్పం పోయింది. కిటికీ పక్కన కూర్చుని రెండు స్టేజీల ముందే దిగిపోదామా అని ఆలోచించింది. దిగలేదు. మహాలక్ష్మి వాకిట్లో చిరిగిన వల ముందేసుకుని కుడుతోంది. చెల్లెల్ని చూసి చెయ్యి ఆపింది.

"ఏం, మళ్ళీ షూటింగా?"

"కాదు. ఊరికే వచ్చినా."

"తిరుగు బస్సు ఎప్పుడు?"

"రేపు పొద్దున."

మహాలక్ష్మి వల రెండో కొస ఇటు తోసింది. విజయకుమారి కింద కూర్చుని దాన్ని బిగించి పట్టుకుంది. వల కుట్టడం ఆమె ఎప్పుడో మర్చిపోయింది, పట్టుకోవడం మాత్రం వచ్చు. కోపం పోలేదు. ఎనిమిదింటికి ఎత్తమన్న ఆ నోటినే చూస్తూ కూర్చుంది.

"ఆ నాలుగు నెలలు ఎట్ట గడిచినాయో చెప్పు," అంది.

"ఇప్పుడెందుకు?"

"నాకు తెలియదు గదా."

మహాలక్ష్మి దారం పళ్ళతో తెంపి, కొత్త ముడి వేసింది. 

"మొదట కాళ్ళు వాచినాయి," అంది. "చెప్పులు పట్టడం లేదని గొణుగుతా ఉండేది. నేను నవ్వినా. ఎండకేమో అనుకున్నా..."

విజయకుమారి వలను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.